వేడి చేసింది

నారాయణరావు అన్నగారు పెద్దపేగు క్యాన్సర్‌తో పోయి ఏడాదైంది. ఆ సంగతి తెలిసే సాహితి నూజివీడులో వాళ్లింటికి వచ్చింది.

కడుపులో ఉండే బ్యాక్టీరియాకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం మీద ఆమె పరిశోధన చేస్తోంది. పోయినవాళ్ల రక్తసంబంధీకులకే పరీక్ష. ఇంటికి ఒకటే డబ్బా. అందులో మలం కావాలి.

నారాయణరావు ముఖం చిట్లించాడు. ఆయన పాతిక ఎకరాల మామిడితోట ఉన్న మనిషి. ఇంట్లో ఎవరికి కడుపులో ఏ తేడా చేసినా ఆయన వైద్యం ఒకటే. మామిడిపళ్ల వేడి, మజ్జిగ తాగు. అన్నగారు కూడా ఆ మజ్జిగ చివరిదాకా తాగాడు. కొన్నాళ్లుగా భార్య పుష్పావతీ అదే తాగుతోంది.

"మనం తిన్నదే ఆ బ్యాక్టీరియా కూడా తింటాయి అంకుల్," అంది సాహితి. "ఆకుకూరలూ పప్పులూ పెడితే పేగుకి మేలు చేస్తాయి. ఎప్పుడూ మాంసం, కొవ్వే అయితే, అది అరగడానికి మన ఒంట్లో ఊరే పైత్యరసాన్నే పాడుచేసి పేగుని గాయపరుస్తాయి. అది ముదిరితేనే భయం."

మర్నాడు పొద్దున్నే ఆయన తన వంతు కానిచ్చాడు. దాన్ని డబ్బాలోకి ఎత్తడం మాత్రం తన వల్ల కాదన్నాడు. ఇంట్లో అలాంటి పనులన్నీ ఎవరివో ఇదీ వాళ్లకే వదిలేసి, కాయ కోత ఉందని ఆగిరిపల్లి తోటకి బండి తీశాడు. డబ్బా మీద ఆయన పేరు రాసి పుష్పావతే సాహితికి అందించింది.

మూడు వారాలకి రిపోర్టు వచ్చింది. చెడ్డ బ్యాక్టీరియా జాస్తి. రక్తం జాడ కూడా ఉంది. వెంటనే కెమెరా గొట్టం వేయించుకుని పేగు చూపించుకోవాలి.

నారాయణరావుకి అన్నగారి ఆఖరి రోజులు కళ్ల ముందు మెదిలాయి. మటన్ మానేశాడు. రెండు పూటలా తోటకూర తిన్నాడు. కాపు మీదున్న చెట్లని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పుష్పావతి ఓదారుస్తూ కూర్చోలేదు. బెజవాడ డాక్టరుకి ఫోన్ చేసి టోకెన్ తీసుకుంది.

డాక్టరు అంతా విని తేదీ రాసిచ్చాడు. లేవబోతుంటే పుష్పావతి నెమ్మదిగా అడిగింది.

"ఒకే వంట తినేవాళ్ల సంగతేంటండీ?"

ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉండేవాళ్లకి ఈ బ్యాక్టీరియా కూడా కలుస్తాయని, చూపించుకుంటే మంచిదేనని ఆయన అన్నాడు. నారాయణరావు అదిరిపడ్డాడు.

"నాది నీకూ అంటిందేమోనే," అన్నాడు.

ముప్ఫై ఏళ్లలో భార్య ఒంటి గురించి ఆయన అంత కంగారుపడటం అదే మొదలు. ఆవిడకీ పరీక్ష చేయాల్సిందేనని పట్టుబట్టాడు. ఇద్దరూ పేగు ఖాళీ చేసే ఉప్పటి మందునీళ్లు తాగారు. ఇద్దరికీ ఒకే రోజు చేశారు.

ఆయన పేగు కడిగిన పళ్లెంలా ఉంది. రిపోర్టుకీ దీనికీ పొంతన లేదని డాక్టరు తల గోక్కున్నాడు. తోటకూర మహిమ అన్నాడు నారాయణరావు.

పుష్పావతి పేగులో మాత్రం ఒక బుడిపె కనబడింది. వదిలేస్తే క్యాన్సర్ అయ్యే రకమట. అక్కడికక్కడే తీసేశారు. ఇక భయం లేదని డాక్టరు చెప్పాక ఆవిడ చాలాసేపు ఏడ్చింది. పిచ్చిది జడుసుకుందనుకుని ఆయన వీపు నిమిరాడు.

ఆ తర్వాత నారాయణరావుని పట్టడం ఎవరి తరమూ కాలేదు. హనుమాన్ జంక్షన్ టీ కొట్టు దగ్గర్నుంచి విస్సన్నపేట మార్కెట్ దాకా ఒకటే కథ. తను ధైర్యం చేసి పరీక్షకి ఒప్పుకోబట్టి గానీ, లేకపోతే ఆవిడ ఏమైపోయేది? పక్కనే ఉంటే పుష్పావతి అవునండీ అనేది.

ఆర్నెల్లకి సాహితి మళ్లీ వచ్చి, పుష్పావతికి బుడిపె తీశారని విని ఈసారి ఇద్దరికీ చెరో డబ్బా ఇచ్చింది. ఆయన యథాప్రకారం ఎత్తే పని ఆవిడకి వదిలి తోటకి వెళ్లిపోయాడు.

పుష్పావతి తనది పట్టిన డబ్బా మీద ఈసారి తన పేరే రాసింది.