సందేహాల త్రేసమ్మ

“మాస్టారూ, కరెంటు పోతే దాని బుర్రలో ఉన్నదంతా ఏటైపోద్ది?”

వెనక బెంచీలోంచి వచ్చిన ఆ ప్రశ్నకి క్లాసంతా ఘొల్లుమంది.

పద్మకుమారికి తల కొట్టేసినట్టయింది.

ఆ ఉత్తరాది ఊళ్ళో, సాక్చీ బజారులో బట్టల కొట్టు మీది గదిలో కంప్యూటరు నేర్పుతున్నారని తెలిసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల కాలు నిలవలేదు. అది 1985. టెల్కో ఫ్యాక్టరీ కాలనీలో వాళ్ళ వరస క్వార్టర్లలో కంప్యూటరును కళ్ళతో చూసినవాళ్ళే లేరు. బతిమాలి, అలిగి, అన్నం మానేసి నాన్న చేత ఊఁ అనిపించుకుంది.

తెలుగూ హిందీ కలిసి నడిచే ఆ క్లాసు మొత్తానికీ ఉన్నది ఒక్క కంప్యూటరే. ఓ టీవీ, దానికి తగిలించిన మీటల పెట్టె, పక్కన టేప్‌రికార్డరు. అంతే.

అయితేనేం! సన్యాసిరావు మాస్టారు చెబుతుంటే పద్మకుమారికి రెప్ప పడేది కాదు. వెనకటి కంప్యూటరు ఒక్కటే ఇంత గదినీ మింగేసేదట. బల్బుల్లాంటి వాల్వులు వేడెక్కి మాడిపోయేవట. అట్టముక్కలకు చిల్లులు పొడిచి దానికి పని చెప్పేవారట. ఇప్పుడదే బుద్ధిగా బల్ల మీద కూర్చుంది!

మొదటి రోజునే మాస్టారు చెప్పినట్టు రెండు వరసలు కొట్టింది. తెర నిండా తన పేరు జలజలా పరుగెత్తింది. ఇంటికి వెళ్ళేదాకా బస్సులో ఒక్కతే నవ్వుకుంటూనే ఉంది.

అలాంటి క్లాసుకి అడ్డం ఈ వెనక బెంచీ త్రేసమ్మ.

ఏభై దాటిన మనిషి. నేత చీర, చేతిలో గుడ్డసంచీ. బిర్సానగర్ నుంచి వస్తుంది. అంతకు మించి ఆమె సంగతి ఎవరికీ తెలీదు.

“కరెంటు పోతే అన్నీ మర్చిపోద్దమ్మా. అందుకే టేపులో దాచుకోవాలి,” అన్నారు మాస్టారు ఓపిగ్గా.

“మరి మనం ఓ అక్షరం తప్పు కొడితే? అదే సర్దుకోదా?”

“సర్దుకోదు. దానికి తెలివి లేదు. మనం చెప్పిందే సేత్తది.”

“ఆంటీజీ, ఘర్ జాయియే! రోటీ బనాయియే!” అన్నాడు ముందు వరసలో ఒకడు, ఇంటికెళ్ళి రొట్టెలు చేసుకోమన్నట్టు. మళ్ళీ నవ్వులు.

ఆ రోజు మెట్ల దగ్గర పద్మకుమారి ఆవిడను ఆపింది.

“పిన్నీ, ఏటీ అనుకోకండి. మీరలా అడుగుతుంటే అందరూ నవ్వుతన్నారు. మన తెలుగోళ్ళకి ఏటీ రాదనుకుంటారు. పాఠం కూడా ముందుకి నడవట్లేదు.”

త్రేసమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

“నేర్సేసుకోవాలని నీకంత ఆత్రంగా ఉందా పాపా?”

“చానా ఉంది పిన్నీ!”

“అయితే మంచిదే. నానింక అడగన్లే.”

నవ్వుతూనే అని, నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి రాలేదు.

పాఠం ఎక్స్‌ప్రెస్ బండిలా పరుగెత్తింది. పద్మకుమారి సంబరపడింది. అంతలో మాస్టారు బోర్డు మీద ఓ వరస రాశారు: ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ ప్లస్ వన్.

“సమఝ్ మే ఆయా? అర్థమైందా?”

“యస్ సర్!” క్లాసంతా ఒక్క గొంతుతో అంది. పద్మకుమారి కూడా అంది.

అర్థం కాలేదు. ఒక్క ముక్క కూడా కాలేదు.

ఆ తర్వాత పాఠాలన్నీ ఆ వరస మీదే నడిచాయి. ముందు వరస కుర్రాడు రావడం మానేశాడు. ఇంకో అమ్మాయి కూడా మానేసింది. ఓ రాత్రి పద్మకుమారికీ భయం పట్టుకుంది. ఇంత ఏడ్చి చేరిన చదువు చేజారిపోతోందా?

మర్నాడు క్లాసులో తనకు తెలీకుండానే వెనక్కి తిరిగి చూసింది. త్రేసమ్మ ఉంటే ఈపాటికి అడిగేసి ఉండేది!

లేచి నిలబడింది.

“మాస్టారూ, అది అబద్ధం కదండీ? ఓ అంకెకి ఒకటి కలిపితే మళ్ళీ అదే అంకె ఎలాగవుద్ది?”

ఎవరో కిసుక్కుమన్నారు. కానీ పక్క బెంచీలోంచి మెల్లగా మరో గొంతు వచ్చింది.

“హాఁ సర్, ముఝే భీ సమఝ్ మే నహీ ఆయా.”

“ముఝే భీ.”

మాస్టారి ముఖం వెలిగిపోయింది.

“అది సమానం అని కాదమ్మా! ఎక్స్ అంటే ఓ డబ్బా. అందులో ఉన్నది తియ్యి, ఒకటి కలుపు, మళ్ళీ అందులోనే పెట్టు. అదీ మనం ఇచ్చే హుకుం!”

“ఆఁ!” అంది క్లాసంతా.

పద్మకుమారి ఒక్క పరుగున వెళ్ళి మీటలు నొక్కింది. ఒకటి, రెండు, మూడు... తెర మీద అంకెలు చీమల బారులా పైకి పాకుతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. గంతెయ్యకుండా ఉండడం ఆ పిల్లకి గగనమైపోయింది.

అందరూ వెళ్ళాక మాస్టారి దగ్గరికి వచ్చింది.

“త్రేసమ్మ పిన్ని ఇల్లు ఎక్కడండీ? నా మాటకే ఆవిడ మానేశారు. వెళ్ళి తీసుకొత్తాను. వెనకబడ్డ పాఠాలన్నీ నేనే నేర్పుతాను.”

టీవీ మీద గుడ్డ కప్పుతున్న మాస్టారు ఆగిపోయారు.

“ఇల్లు ఖాళీ చేసేశారమ్మా. ఉద్యోగంలో రిటైరైపోయారు, నిన్ననే విశాఖపట్నం బండెక్కేశారు.”

పద్మకుమారి బిక్కముఖం వేసింది.

“ఆవిడకి నువ్వు నేర్పుతావా?” మాస్టారు నవ్వారు. కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి.

“కిందటి బేచీలో సందేహం అడగడానికి సిగ్గుపడి ఒక్కొక్కరే మానేశారమ్మా; ఈసారైనా మీ తరపున అడిగే మనిషి ఒకరుండాలని, నాకు ప్రోగ్రామింగులో ఓనమాలు దిద్దించిన గురువునే బతిమాలి తెచ్చి మీ మధ్య కూచోబెట్టుకున్నాను.”