మిషను చిట్టా

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. కాగితం పట్టుకుని చిందులేస్తున్న వెదురు కంపెనీ ఆఫీసరు వెంకటరామారావు, వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుతున్న ఆయన భార్య నిర్మలాదేవి, భద్రాద్రి రాముణ్ణి చూసి రెండ్రోజుల్లో పోతానని వచ్చి మూడో నెల పడినా పడకకుర్చీ వదలని ఆయన తమ్ముడు వెంకటప్పయ్య, ఆఫీసరు పిలిపిస్తే వచ్చి గోడకు అతుక్కుపోయిన పదో తరగతి తండా పిల్ల జమ్లి.

కంపెనీ ఉత్తరాల కంప్యూటరు ఆ ఇంటి ముందు గదిలోనే ఉంది. తొంభై ఎనిమిదిలో ఆ కంపెనీకి భద్రాచలంలో ఉన్న ఒక్క ఫోను లైనూ ఆ ఇంటికే మరి.

“ఆఫీసరు మధ్యాహ్నమంతా ఇంట్లో గురక పెడుతున్నాడని హెడ్డాఫీసుకు ఈ-మెయిలు! సంతకం లేదు. చర్ల డిపో నుంచి మీ అన్న రాందాసే కొట్టుంటాడు. రేపటి నుంచి వాడికి ఉద్యోగం లేదు!”

జమ్లి కంప్యూటరు వైపు చూసింది. తండాలో నెల జీతం తెచ్చే మొదటి మనిషి అన్న.

“పాపం, ఆ పిల్లను చిట్టా చూడనివ్వండి. వాళ్ళన్న ఈ గదిలోనే కూర్చోబెట్టి నేర్పాడుగా,” అంది నిర్మలాదేవి.

ప్రతి ఉత్తరానికీ మిషను ఒక వరుస రాసుకుంటుంది. జమ్లి వేలు పెట్టి వెతికింది. మంగళవారం, రెండుంబావు.

“సార్... ఇది చర్ల నుంచి రాలే.”

“నీకెట్లా తెలుసు?”

“ఉత్తరం ఏ తొవ్వల వచ్చిందో ఈడ ఉంటది సార్. డిపో నుంచి ఫోను లైను మీద వస్తే ఎస్‌ఎంటీపీ అని పడ్తది. అన్న పంపినయన్నీ గట్లనే ఉన్నయి. దీనికి లోకల్ అని ఉన్నది.”

“అంటే భద్రాచలంలో ఎవడో?”

“కాదు సార్. ఈ మిషను ముందలనే కూసోని కొట్టిండ్రు.”

ఆ వేళకు తాను గురకలో ఉన్న మాట ఆఫీసరు పైకి అనలేకపోయాడు. పడకకుర్చీ వైపు తిరిగాడు.

“రోజంతా దీని మీద పేకాడేది ఎవర్రా?”

“అన్నయ్యా, నాకు పేకాట తప్ప ఇంకేం రాదు! వదిననడుగు!”

“నాకేం తెలుసు మరిదీ? ముట్టుకుంటే షాక్ కొడుతుందని నువ్వేగా చెప్పావు.”

“నా తిండి తింటూ నా మీదే పితూరీనా!”

రాందాసును కొలువు నుంచి తీసేస్తూ ఆఫీసరు రాసిన కాగితం చిరిగింది. వెంకటప్పయ్య సంచి మధ్యాహ్నం బస్సెక్కింది.

అన్న కొలువు నిలిచినందుకు జమ్లికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఇల్లు దాటుతూ వెంకటప్పయ్య తాను పంపలేదని వేసిన ఒట్లు చెవిలో గింగుర్లాడాయి. నిర్మలాదేవి ఖాళీ పడకకుర్చీ మడిచి, జమ్లిని సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చింది.

“అమ్మా, ఆ సారు నిజంగనే పంపలేదేమో. నేను చిట్టా చదవబట్టే గిట్లయింది...”

“మీ అన్న నీకు నేర్పుతుంటే నేనూ విన్నా. లోకల్ అని పడుతుందని తెలిసే కొట్టానే,” అంటూ ఆమె తలుపేసింది.