సగం దగ్గర ముల్లు

"బంకులోకి తిప్పకు. తిన్నగా పోనీ," అన్నాడు బావ.

బావమరిది అప్పటికే పికప్ స్టీరింగు సగం తిప్పేశాడు. డీజిల్ బంకు ముందు లారీలు బారులు తీరి రోడ్డు మీదిదాకా వచ్చేశాయి. ఆ వరసలో ఇరుక్కుంటే ఇంజను ఆపాలి. ఇంజను ఆపితే, వెనక తొట్టెల్లోకి గాలి కొట్టే మోటరు కూడా ఆగిపోతుంది. ఆ తొట్టెల నిండా చేపపిల్లలు, గోరంత గోరంతవి. అవి ప్రాణాలతో చెరువులో పడితేనే బావకి ఈ ఏడాది గడుస్తుంది. పైగా ఎండ చురచురలాడుతోంది.

"ఒక్క పది లీటర్లు కొట్టించుకుని పోదాం బావా."

"ఆ లారీలన్నీ కదిలేసరికి నా చేపలు పిల్లికి కూడా పనికిరావు. మీటరు చూడు, సగం ఉంది."

బావమరిది మీటరు వైపు చూడలేదు, బావ మొహంలోకి చూశాడు. "ఆ ముల్లు పచ్చి అబద్ధాలకోరని నాకు నూరిపోసింది ఎవరు? సగం చూపిస్తే అడుగంటినట్టే లెక్క, నమ్మితే నడిరోడ్డు మీద నిలబడతావు, బండి తీసుకెళ్లినప్పుడల్లా ముందు డీజిల్ కొట్టించు అన్నది మీరే కదా?"

బావ ఆ మాట అన్నది వాస్తవమే. కానీ ముల్లు అబద్ధమాడుతుందన్నదే పెద్ద అబద్ధం. చీటికీ మాటికీ పికప్ అడిగి తీసుకెళ్లి, ట్యాంకు ఖాళీ చేసి తెచ్చి పడేసే ఈ మహానుభావుడికి బుద్ధి రావాలని తను అల్లిన కట్టుకథ అది. బాగానే పనిచేసింది కూడా. అప్పట్నుంచీ ఇతగాడు భయపడి డీజిల్ పోయించి మరీ తెచ్చిస్తున్నాడు. నిన్న సాయంత్రం తెచ్చిచ్చినప్పుడు కూడా ముల్లు సగం దగ్గరే ఉంది. ఎనభై లీటర్ల ట్యాంకు, సగమంటే నలభై. చెరువుకి వెళ్లి రావడానికి అందులో సగం చాలు. ఆ సంగతి విప్పి చెబుదామంటే, సాయంత్రంలోగా పెళ్లాం చెవిన పడుతుంది. నా తమ్ముణ్ణే మోసం చేస్తారా అని ఆవిడ బతికున్నంతకాలం దెప్పుతుంది.

"ఇవాళ నిజమే చెబుతోందిలే," అన్నాడు బావ నసుగుతూ.

"మీకెలా తెలుసు?"

"బండి ఎవరిది?"

"మీదే."

"అయితే పోనీ."

బావమరిది బండిని రోడ్డెక్కించాడు. బంకు కనుమరుగయ్యేదాకా అద్దంలో దాన్నే చూస్తూ ఉన్నాడు.

ఇక ఇద్దరికీ కుదురు లేదు. బావ నిమిషానికోసారి కిటికీలోంచి తల బయటపెట్టి తొట్టెల వైపు చూస్తున్నాడు. బావమరిది పల్లం కనపడితే చాలు, గేరు తీసేసి బండిని దానంతటదే జారనిస్తున్నాడు.

"ఏంట్రా ఈ నత్తనడక? తొక్కు."

"తొట్టెలు కుదిపితే పిల్లలు చస్తాయి బావా."

"నిదానిస్తే చచ్చేది నేను. నీకెందుకురా అన్ని చెమటలు?"

"ఎండ కదా." చెమట తుడుచుకుని, "చెరువుకి ఇవతల ఇంకో బంకు ఉందా?" అన్నాడు.

"మళ్లీ బంకు అన్నావంటే నిన్ను దింపేసి నేనే నడుపుకుపోతాను."

చెరువు ఇంకా చాలా దూరం ఉందనగా ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. బండి ఈడ్చుకుంటూ పోయి రోడ్డు పక్కన ఆగిపోయింది. వెనక గాలి మోటరు చప్పుడు కూడా ఆగిపోయేసరికి బావ మీటరు మీద వేలితో కొట్టాడు. ముల్లు సగం దగ్గరే ఉంది. ట్యాంకుకి చిల్లు పడిందేమోనని కిందికి దూరి చూశాడు. చుక్క తడి లేదు. మూత తీసి పుల్ల ముంచి చూస్తే, పుల్ల కూడా పొడిగానే వచ్చింది.

అటుగా వెళుతున్న మోటారుసైకిలు అతన్ని బతిమాలి, క్యాను చేతికిచ్చి బంకుకి పంపారు. అతను వచ్చేదాకా నీళ్లలోకి గాలి పోవాలంటే ఒకటే దారి. ఇద్దరూ పైకెక్కి, బకెట్లతో నీళ్లు తోడి ఎత్తునుంచి మళ్లీ తొట్టెల్లోకే పోయడం మొదలుపెట్టారు. అప్పటికే చేపపిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. వాటిని చూస్తుంటే బావకి ఏడుపొచ్చింది.

"ఒరేయ్, పాపం నాదేరా," అన్నాడు చేతులు ఆపకుండానే. "ఆ ముల్లు బండి కొన్న రోజు నుంచీ నిజమే చెప్పింది. నువ్వు ఖాళీ చేసి తెస్తున్నావని నేనే లేనిపోనిది కల్పించాను. నిక్షేపంలాంటి ముల్లు, చూశావా, సరిగ్గా ఇవాళే చెడిపోయి నా కొంప ముంచింది. మీ అక్కకి మాత్రం చెప్పకు."

బావమరిది బకెట్టు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"ముల్లు మంచిదేనని నాకు తెలుసు బావా."

"ఎలా తెలుసు?"

"బాగుచేయించి మిమ్మల్ని సంతోషపెడదామని మొన్న మెకానిక్‌కి చూపించాను. ఇందులో చెడిపోవడానికేం లేదు, నీకెవరో టోపీ పెట్టారన్నాడు."

"తెలిసీ బంకు దగ్గర అంత గోల ఎందుకు చేశావురా?"

బావమరిది బకెట్టు దించి, తలెత్తకుండా గొణిగాడు. "మీ మీద ఒళ్లు మండి, ఆ మెకానిక్ చేతే ముల్లుని సగం దగ్గర కదలకుండా బిగింపజేసి, ట్యాంకు ఊడ్చేసి తెచ్చిచ్చాను బావా."