ఆషాఢం మునగాకు

గుండెపోటు నుంచి బయటపడ్డాక గవర్రాజు నెత్తురుకి ఊరికే గడ్డకట్టే గుణం ఉందని తేలింది. డాక్టర్లు నెత్తురు పలచబడేందుకు మాత్ర రాసి, ఆకుకూర తింటే ఆ మాత్ర పనిచెయ్యదన్నారు. ఊళ్లో అందరి చేతికీ ఉన్నట్టే అతని చేతికీ నెత్తురు కడియం ఉంది. నెత్తురు కాస్త తేడా చేస్తే చాలు, ఆ కడియం ఆసుపత్రికి చాడీలు చెప్పేస్తుంది.

అంతలో ఆషాఢం వచ్చింది. భార్య మంగతాయారు తనకీ అత్తగారికీ మునగాకు వేపింది. ఆ వాసనకి గవర్రాజు ప్రాణం లేచొచ్చింది. మెల్లిగా దొడ్లోకి వెళ్లి, కడియం ఊడదీసి, ఖాళీగా ఉంటే అదీ చాడీ చెబుతుందని మేక కాలికి తొడిగి, వచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు.

మేక అప్పటికే మునగ రొట్ట సగం నమిలేసింది. "గవర్రాజు గారూ, గాభరా పడకండి, వచ్చేస్తున్నాం," అంది కడియం. డ్రైవరు లేని ఆంబులెన్సు దొడ్డిదారిన వచ్చి, కడియం ఎవరికుంటే వాళ్లే పేషెంటు కనక, మేకను పడుకోబెట్టుకుని పోయింది.

గవర్రాజు రెండోసారి వడ్డించుకుని కలుపుతుంటే ఫోను మోగింది. మంగతాయారు ఎత్తింది.

"అమ్మా, మీవారు పక్క మంచం ఆవిడ పూలగుత్తి తినేశారండీ," అంది ఆసుపత్రి నర్సు మిషను.

మంగతాయారు ఖాళీ దొడ్డి వంక చూసింది. భర్త మీసానికి అంటిన మునగాకు వంక చూసింది. పళ్లెం లాగేసింది.

"ఆయనంతేనమ్మా, ఆకు కనబడితే ఆగలేరు. ఇంకో మంచం వెయ్యండి, రెండోదాన్ని నేను తోలుకొస్తున్నా."