నకిలీ భార్య

మోసగాళ్లు మనుషుల గొంతులే కాజేసి, అచ్చం వాళ్లలాగే ఫోన్లు చేస్తున్నారని, ప్రజల మీద ప్రేమకొద్దీ ప్రభుత్వం ప్రతి ఫోనుకూ ఒక కాపలా గొంతును కూర్చోబెట్టింది.

ఆ మధ్యాహ్నం, వస్తూ వస్తూ చింతపండు తెమ్మందామని వరహాలమ్మ మొగుడికి ఫోను చేసింది.

"ముందు మీ భర్త పేరు చెప్పండి" అంది కాపలా గొంతు.

వరహాలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "ఆరి పేరు నానెలా సెప్తానమ్మా? మా పెద్దోడి నాన్న!"

"మీరు నకిలీ భార్య" అని కాపలా గొంతు ఫోను పెట్టేసింది. దొంగ దొరికిందని సర్కారు జబ్బలు చరుచుకుంది.

సాయంత్రం మొగుడు సూర్నాయుడు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

"మధ్యాన్నం ఫోన్లో బ్యాంకు రహస్య నంబరు అడిగినావు గదే, సెప్పేసినాను. ఇన్నేళ్లకి నన్ను పేరెట్టి పిలిసినావు, ఎంత ముద్దుగా ఉందో! ఏదీ, ఇంకోపాలి పిలు!"