వంక లేని ఇల్లు

గేటు కూడా మార్పించాక ఇక మా ఇల్లు అమ్ముడుపోక ఏం చేస్తుంది?

వినుకొండలో ఈ ఇల్లు కలిసిరాలేదని, అమ్మేసి మాచర్ల పోదామని మా ఆవిడ సుభద్ర రెండేళ్లుగా ఒకటే పోరు. కొనడానికి వచ్చిన ప్రతివాడూ ఒక వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చాడు. ఒకాయన ఈశాన్యంలో వేపచెట్టు ఉండకూడదన్నాడు, కొట్టించాను. ఇంకొకాయన మెట్లు తప్పన్నాడు, తీయించాను. ఇప్పుడు డాబా ఎక్కాలంటే నిచ్చెనే.

ఇవాళ వచ్చిన సిద్ధాంతి గంటసేపు కొలిచి, "వంక పెట్టడానికేం లేదు" అన్నాడు. కొనే ఆయన వెంటనే బయానా తీశాడు.

సుభద్ర నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఏందయ్యా, ఇన్నాళ్లకి కుదిరిన వాస్తు ఎవరికో ఇచ్చిపోతామా? అమ్మేది లేదని నువ్వే చెప్పు."

వచ్చి కూర్చున్నాను.

"సారూ, మీ సిద్ధాంతిగారికి కనపడని దోషం ఒకటుంది. అది గోడల్లో లేదు. మా వంటింట్లో..."

"ఏమయ్యా, ఇటొకసారి రా." వంటింట్లోంచి సుభద్ర కేక.