ఆఖరి నిచ్చెన

"ఈ ఒక్క ఏడు రమ్ము పొయ్యకత్తా. నిన్ను బతిమాలుకుంటున్నాను," అంటూ నోరీన్ సీసాకు చెయ్యి అడ్డం పెట్టింది.

ఆర్డిత్ ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపింది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో, ఆఖరిగా కోసిన చెట్టు ఆపిల్ రసం సన్నగా కాగుతోంది.

"ముప్పై ఏళ్లుగా దీన్ని ఒకే తీరున చేస్తున్నాను, పిల్లా. ఇప్పుడు మార్చమంటే ఎలా?"

"మా లైల్ తాగుడు మానేసి పదకొండు నెలలైంది. ఒక్క గుక్క పడితే మళ్లీ మొదటికొస్తుంది. నీ మేనల్లుడేగా! నీకు తెలీదా?"

"తెలుసు. ఆ దాల్చిన చెక్క ఇలా ఇవ్వు."

నోరీన్‌కు ఒళ్లు మండింది. అయినా చెక్క అందించింది. ఆర్డిత్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. టప్పుమంది. తల ఊపి గిన్నెలో వేసింది. మరోటి విరిస్తే మెత్తగా సాగింది. దాన్ని పక్కన పడేసింది. నారింజ పండుకు చొక్కా గుండీల్లా లవంగాలు గుచ్చి రసంలోకి వదిలింది. అల్లం నలగ్గొట్టింది. మిరియాలు గుప్పెడు దంచింది. జాజికాయను గిన్నె మీద పట్టుకుని తొమ్మిదంటే తొమ్మిదిసార్లు గీకింది. మేపుల్ పాకం మాత్రం కళ్లు మూసుకుని పోసింది, ధార చప్పుడు వింటూ. చెంచా లేదు, కొలత లేదు. ఇల్లంతా కార్తె మారినట్టు వాసన అలుముకుంది. కోపంలో కూడా నోరీన్ ఆ చేతుల మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

పొరుగాయన ఎల్వుడ్ కట్టెలు మోసుకుని లోపలికి వచ్చాడు.

"వదినా, పోయినేడులాగే ఘాటుగా ఉండాలి. రెండ్రోజులు తలెత్తలేదు తెలుసా!"

"మా కంచె ఎక్కి కోడిలా కూశావు. అదీ తెలుసు."

"అది నేను కాదు, నీ చేతి మహిమ! మీ ఆయన సైలస్ ఉన్నప్పుడు మూడు కప్పులు లాగించి గీత గీసినట్టు నడిచేవాడు. ఏం తట్టుకునేవాడమ్మా! అలాంటి మొనగాడు మళ్లీ పుట్టడు."

"పుట్టడు," అంది ఆర్డిత్. సీసా ఎత్తింది. ఎల్వుడ్ కళ్ల ముందే, నోరీన్ కళ్ల ముందే, గోధుమరంగు ధార చివరిదాకా గిన్నెలోకి వంచింది.

నోరీన్ గిరుక్కున తిరిగి బయటికి వెళ్లిపోయింది.

తోటలో నిచ్చెనలన్నీ దించేశారు. ఆఖరిదాన్ని లైల్ భుజాన మోసుకొచ్చి వసారా ముందు నిలబెట్టాడు. కోత ముగిసిన మధ్యాహ్నం పనివాళ్లంతా ఒకే గిన్నెలోది తాగాలి. తాగిన కప్పును ఆ నిచ్చెన మెట్ల మీద బోర్లించాలి. ఒక్క కప్పు బోర్లించకపోయినా వసంతంలో పూత మీద మంచు పడుతుందని వాళ్ల నమ్మకం. ఎప్పుడో ఒకతను కడుపునొప్పని కప్పు వదిలేస్తే, మే నెలలో తోటంతా నల్లబడిందట. ఆ కుటుంబాన్ని ఇప్పటికీ "మంచోళ్లు" అంటారు. మంచితనం వల్ల కాదు, మంచు వల్ల.

"ఇంటికి పోదాం పద," అంది నోరీన్ భర్త చెయ్యి పట్టుకుని. "తలనొప్పని చెబుదాం."

"అందరి పూత పోతే ఆ మాట జీవితాంతం మోయాలి నోరీన్. ఒక్క కప్పే. తాగి, బోర్లించి, వచ్చేస్తా."

ఆర్డిత్ గిన్నె బయటికి తెచ్చింది. ఎల్వుడ్ మొదటి కప్పు సగం తాగగానే "అబ్బ! మంట చూడు!" అని గుండె రుద్దుకున్నాడు. పూర్తయ్యేసరికి ముఖం ఎర్రబడింది. రెండో కప్పుకి పాట అందుకున్నాడు. ఎవరో అతని టోపీ లాక్కుని గుర్రానికి పెట్టారు. నవ్వులు, తోపులాట. మెట్ల మీద కప్పులు ఒక్కొక్కటే బోర్లపడుతున్నాయి.

లైల్ వంతు వచ్చింది. ముందే తాగి ఉండకుండా ఈ గిన్నె దగ్గరికి రావడం అతనికి ఇదే మొదలు. కప్పు ముక్కు దగ్గరికి తెచ్చాడు. ఆగాడు. మళ్లీ వాసన చూశాడు. తలెత్తి మేనత్త వైపు చూశాడు. ఆమె తీరిగ్గా గరిటె తుడుచుకుంటోంది. లైల్ పెదవి చివర నవ్వు కదిలింది. గటగటా తాగేసి, కప్పు మెట్టు మీద బోర్లించాడు. అంతటితో ఆగలేదు. మళ్లీ దాన్నే తీసి చాపాడు.

"అత్తా, ఇంకోటి."

పదకొండు నెలలు. నోరీన్ విసురుగా వంటింట్లోకి వెళ్లి ఖాళీ సీసా అందుకుంది, గోడకేసి కొట్టాలని. అడుగున మిగిలిన నాలుగు చుక్కలు చేతి మీద ఒలికాయి. చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది.

రమ్ము కాదు. చిక్కగా కాచి చల్లార్చిన టీ.

వాకిట్లో ఎల్వుడ్ కంచె ఎక్కి కోడిలా కూస్తున్నాడు. ఆర్డిత్ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అత్తా..." నోరీన్ సీసా ఎత్తి చూపించింది. "లైల్ కోసం ఈ ఏడు..."

"ష్! ఎల్వుడ్ వింటే పాపం, ఎక్కిందంతా దిగిపోతుంది," అంటూ ఆర్డిత్ సీసా తీసుకుని, కడిగి, ఎప్పటి చోట బోర్లించింది. "ఈ ఏడేమిటే పిల్లా? మీ సైలస్ మావయ్య తాగుడు మానిన నాటి నుంచీ ఇందులో టీయే."